మన మండలం ఆయుష్షు ఎంత? పంచాయతీ కార్యదర్శులకు ఒక బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో పనిచేస్తున్న పంచాయతీ కార్యదర్శులందరికీ,

నమస్కారం. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు, కలిగిరి వైపు ముప్పై ఏళ్లకు పైగా బండి మీద తిరుగుతున్న జీవిత బీమా ఏజెంటును నేను. మీలో చాలామంది మా పిల్లల వయసువాళ్లు. ఒకరిద్దరి వెంటపడి పాలసీ కట్టించి కూడా ఉంటాను. ఈ లేఖ అందుకు కాదు, భయపడకండి.

పోయిన నెల వింజమూరులో ఒక టీ బంకు దగ్గర కూర్చున్నాం. ఆసియా దేశాల్లో సగటు ఆయుర్దాయం ఎంతో పేపర్లో పట్టిక వేశారు. ఒకాయన పైకి చదువుతున్నాడు. జపాన్ దగ్గరికి రాగానే పక్కనున్న పెద్దాయన "వాళ్లు చేపలు తింటారబ్బయ్యా, అందుకే" అన్నాడు. "చేపలు తింటే ఆయుష్షు పెరిగేటట్టయితే నెల్లూరోళ్లం అందరం నూరేళ్లు బతకాల" అని ఇంకొకాయన అందుకున్నాడు. నవ్వుకున్నాం. అంతలో గ్లాసులు కడిగే కుర్రాడు నా వైపు తిరిగి "మన మండలం ఎంత సార్?" అని అడిగాడు. వయసులు, చావులు నా పనే కాబట్టి నాకు తెలిసుంటుందనుకున్నాడు. నాకు తెలియదు. ఆ తర్వాత రెండు మూడు ఆఫీసుల్లో అడిగి చూశాను. మండలానికి అలాంటి అంకె లేదన్నారు. ఒకచోట అయితే "మీకెందుకు?" అన్నారు.

ఎందుకో చెబుతాను.

ఆ పట్టికలో ఉన్నవి ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరానికి వేసిన అంచనాలు. జపాన్, దక్షిణ కొరియా 84 దాటాయి. మాల్దీవులు 81. చైనా 78. శ్రీలంక 77. బంగ్లాదేశ్ 74. మనం 72. పాకిస్తాన్ 67. అఫ్గానిస్తాన్ 66. ఒకే ఖండంలో ఈ కొసకీ ఆ కొసకీ పద్దెనిమిదేళ్ల తేడా. పుట్టిన బిడ్డ పెరిగి ఓటు హక్కు తెచ్చుకునేంత కాలమది.

ఈ సగటు అనే మాటను చదువుకున్నవాళ్లు కూడా తప్పుగా పట్టుకుంటారు. 66 అంటే అఫ్గానిస్తాన్‌లో అందరూ 66కి పోతారని అర్థం కాదు. మనకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి సగటు 32 దగ్గర ఉండేదని చెబితే, "మా తాత 90 ఏళ్లు బతికాడే" అని కొట్టిపారేస్తారు. తాత బతికాడు, నిజమే. తాతతోపాటు పుట్టినవాళ్లలో ఎందరు పాలుతాగే వయసులో పోయారో ఆయన చెప్పి ఉండడు. పదిమంది పుట్టారనుకోండి. ముగ్గురు నెలల బిడ్డలుగానే పోయారు, మిగిలిన ఏడుగురూ 70 దాకా బతికారు. సగటు 49కి పడిపోతుంది. ఊళ్లో మాత్రం రచ్చబండ మీద ముసలివాళ్లు కనబడుతూనే ఉంటారు. ఆ ముగ్గురు ఎవరికీ కనబడరు. పసిబిడ్డను ఎక్కడో పూడ్చి వచ్చేస్తారు, గుర్తుగా రాయి కూడా పెట్టరు.

మా వృత్తిలో పాత ముచ్చట ఒకటుంది. బ్రిటిష్ కాలంలో మొదట వచ్చిన బీమా కంపెనీలు భారతీయుల ప్రాణాలను నాసిరకం కింద కట్టి, అదనపు ప్రీమియం వసూలు చేసేవి. మామూలు రేటుకే మనవాళ్లకు బీమా ఇచ్చిన మొదటి సంస్థ 1870లో బొంబాయిలో పుట్టింది. మనవాళ్లు తొందరగా పోతారని ఆ దొరలకు గట్టి నమ్మకం. మన రక్తమే అంత అనుకున్నారేమో. రక్తంలో ఏమీ లేదని తర్వాత తేలింది.

కొరియాను చూడండి. 1945 దాకా ఒకటే దేశం, ఒకే జనం, ఒకే తిండి. ఇవాళ దక్షిణాన 84, ఉత్తరాన అంతకు పదేళ్లు తక్కువ. తూర్పు పాకిస్తాన్, పశ్చిమ పాకిస్తాన్ 1971 దాకా ఒకే జెండా కింద ఉన్నాయి. అప్పట్లో వెనకబడిందీ, తుఫాన్లకు కొట్టుకుపోయేదీ తూర్పు భాగమే. ఆ తూర్పే ఇవాళ బంగ్లాదేశ్ అయి పాకిస్తాన్ కంటే ఏడేళ్లు ముందుంది. డబ్బు వల్ల అందామంటే, ఆ ముందడుగు వేసిన రోజుల్లో వాళ్ల దగ్గర డబ్బు లేదు.

వాళ్లు చేసినవాటిలో ఒక పని నాకు బాగా నచ్చింది, కొంచెం వివరంగా చెబుతాను. విరేచనాలతో పిల్లలు రాలిపోతున్న కాలం. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తే బిడ్డ నిలబడుతుందని 1960ల చివర్లో ఢాకాలోని పరిశోధకులు రుజువు చేశారు. 1971 యుద్ధంలో మన బెంగాల్ సరిహద్దున బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చినప్పుడు దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరు సెలైన్ సీసాలు అయిపోతే, ఈ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి తాగించి ఎందరినో బతికించాడు. అయితే ప్యాకెట్లు చేసి పల్లెపల్లెకీ పంచే స్తోమత బంగ్లాదేశ్‌కు లేదు. 1980 నుంచి బ్రాక్ అనే సంస్థ ఆడవాళ్లను ఇంటింటికీ పంపింది. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు. ప్రతి వంటింట్లో ఉండేవే. తల్లి ఎదుట కూర్చుని, ఆమె చేతే కలిపించి, రుచి చూపించేవాళ్లు. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదన్నమాట. పదేళ్లలో కోటీ ఇరవై లక్షల ఇళ్లు తిరిగారు.

అసలు కిటుకు జీతంలో ఉంది. నేర్పే ఆమెకు ఎన్ని ఇళ్లు తిరిగిందని చూసి డబ్బులివ్వలేదు. కొన్నాళ్ల తర్వాత వేరే మనిషి వెళ్లి, నేర్చుకున్న తల్లుల్లో కొందరిని అడుగుతాడు. తల్లికి ఎంత గుర్తుందో, కలిపిన నీళ్లలో ఉప్పు సరిగ్గా ఉందో లేదో, దాన్నిబట్టే ఆమెకు జీతం. కమీషన్ మీద బతికేవాణ్ని కాబట్టి దీని విలువ నాకు వెంటనే అర్థమైంది. పాలసీ కట్టించినందుకు కాకుండా, కట్టినవాడికి ఆ పాలసీ ఏమిటో తెలిసినందుకు మాకు కమీషన్ ఇచ్చి ఉంటే మాలో సగంమంది పస్తులుండేవాళ్లం.

శ్రీలంక సంగతి చాలామందికి తెలుసు. ఊరూరా మంత్రసాని నర్సులు, ఉచిత వైద్యం, ఆడపిల్లల చదువు. మలేరియా మీద యుద్ధంతో 1946, 47 మధ్య ఏడాదిలోనే వాళ్ల సగటు 43 నుంచి 52కి ఎగబాకింది. 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేత అనిపించుకున్నారు. కాన్పులో తల్లి చనిపోతే అక్కడ ఆ ఒక్క చావు మీద విచారణ జరుగుతుంది. ఎక్కడ ఆలస్యమైంది, ఎవరు చూశారు, ఏం చేసి ఉండాల్సింది అని కూర్చుని రాస్తారు.

మీకు సంబంధించినది జపాన్ కథలో ఉంది. జపాన్ వాళ్లకు చేపలు కొత్తగా రాలేదు, ఎప్పటినుంచో తింటున్నారు. అయినా 1951 నుంచి 1980 దాకా ఆ దేశంలో జనాన్ని ఎక్కువగా చంపింది పక్షవాతమే. చలి ఎక్కువగా ఉండే ఉత్తరాది పల్లెల్లో ఉప్పు ఊరగాయలు, ఉప్పు చేపలు, ఉప్పు పులుసు తిని నడివయసులోనే పడిపోయేవాళ్లు. ఏ ఊళ్లో ఏ జబ్బుతో ఎంతమంది పోతున్నారో వాళ్లకు కాగితం మీద కనబడింది. ఎందుకంటే అక్కడ డాక్టరు రాసిన మరణ ధ్రువపత్రం లేకుండా చావు నమోదు కాదు, నమోదు కాకుండా దహనానికి అనుమతి రాదు. అంకెలు చూసి, ఊళ్ల మీద పడి బీపీలు చూశారు, వంటింట్లో ఉప్పు తగ్గించారు. ఒకప్పుడు ఉప్పుకు, పక్షవాతానికి పేరుపడిన నగానో రాష్ట్రం తర్వాత దీర్ఘాయువుకు పేరుపడింది.

ఇప్పుడు మా అమ్మ గురించి చెప్పాలి.

2019లో ఒక తెల్లవారుజామున కొట్టంలో గేదెకు తవుడు కలుపుతూ పడిపోయింది. ఎడమ చెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది. నాలుగో రోజు ఇంట్లోనే పోయింది. బీపీ ఉందని అంతకు ఆరేళ్ల ముందే చెప్పారు. కొన్నాళ్లు బిళ్లలు వేసుకుంది. తల తిరగడం తగ్గాక "నాకేంరా, రాయిలా ఉన్నా" అని మానేసింది. భోజనంలో ఎండుచేప లేకపోతే ముద్ద దిగేది కాదు. ఊరగాయ జాడీ పక్కనే ఉండాలి.

పెద్దకర్మకు ముందే నేనూ తమ్ముడూ మరణం రాయించడానికి వెళ్లాం. ఏ ఊరి పంచాయతీ ఆఫీసో చెప్పను, అక్కడివాళ్ల తప్పు కంటే నా తప్పే ఎక్కువ. "వయసెంత?" అన్నారు. తమ్ముడు ఆధార్ కార్డు ఇచ్చాడు. అందులో పుట్టిన తేదీ 01-01-1940. మన పల్లెల్లో ముసలివాళ్లంతా జనవరి ఒకటినే పుట్టారు, మీరూ గమనించే ఉంటారు. "ఎనభై రాయండి" అన్నాడు తమ్ముడు. "ఎట్లా పోయింది?" "పెద్దదైపోయింది కదండీ." ఫారంలో కారణం దగ్గర "వృద్ధాప్యం" అని రాసి, సంతకం పెట్టమన్నారు. నేనే పెట్టాను.

అమ్మకు పదహారు నిండాక నేను పుట్టాను. నా పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టిన సంవత్సరం 1964. అంటే అమ్మకు 71. పింఛను తొందరగా వస్తుందని ఎప్పుడో రేషన్ కార్డులో వయసు పెంచి రాయించాం, అదే ఆధార్‌లోకి ఎక్కింది. డెబ్బై ఒకటో ఏట పక్షవాతంతో పోయిన మనిషి, సర్కారు పుస్తకంలో నిండు ఎనభై ఏళ్లకు, పండు రాలినట్టు హాయిగా పోయింది.

పాలసీ తీసుకున్న మూడేళ్ల లోపల ఎవరైనా పోతే క్లెయిమ్ కాగితాల్లో నేను ఎన్ని ప్రశ్నలు అడుగుతానో! చివరి జబ్బు ఏమిటి, ఎన్నాళ్ల నుంచి, ఎవరు చూశారు, ఏ మందులు వాడారు, ఆ చీటీలేవి? పరాయివాళ్ల ఇంట్లో ఏడుపు ఆగకముందే అడిగాను. సొంత తల్లి దగ్గర పెన్ను మూత తీసి సంతకం పెట్టేశాను.

వయసుల విషయంలో మా పాపం చాలా ఉంది. పింఛనుకు పెంచుతారు, పాలసీకి తగ్గిస్తారు. ఒకప్పుడు జాతకం కాగితమో, పెద్దమనుషుల మాటో చూసి వయసు రాసుకున్న రోజుల్లో, "ఇంకో మూడేళ్లు తగ్గించు, ప్రీమియం కలిసొస్తుంది" అంటే నేనూ సరేనన్నాను. ఆ కాలం నాటి నా ఫైళ్లలో ఉన్న వయసులతో ఏ లెక్కా వేయకండి.

ఇంకొక ఇంటి మాట. ఒక ఊళ్లో ప్రీమియం కోసం వెళ్లాను. కోడలికి కాన్పయి వారమైంది. పిల్ల రెండో రోజు పోయింది. "బర్త్ సర్టిఫికెట్ తీసుకున్నారా?" అని నోరు జారాను. ఆ ఇంటి పెద్దావిడ నన్ను వింతగా చూసింది. "లేని బిడ్డకు కాగితం ఎందుకు నాయనా?" అంది. చట్టం ప్రకారం ఊపిరి తీసుకుని పుట్టిన బిడ్డకు జననం రాయాలి, పోతే మరణం రాయాలి, రెండూ రాయాలి. ఆ తల్లి దగ్గర నిలబడి చట్టం చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ సగటును అందరికంటే ఎక్కువగా కిందికి లాగేది ఆ రెండు రోజుల బిడ్డే. రాయకపోతే మన లెక్క అందంగా కనిపిస్తుంది, అంతే.

మన దేశంలో ఆయుర్దాయం లెక్క వేసేది నమూనా నమోదు పద్ధతిలో. దేశం మొత్తం మీద ఎనిమిది వేల పైచిలుకు చోట్లను ఎంచుకుని, అక్కడి పుట్టుకలు, చావులు విడవకుండా రాస్తారు. దాన్నిబట్టి పెద్ద రాష్ట్రాలకు అంకె కడతారు. అందులో కేరళ 75, ఛత్తీస్‌గఢ్ 65 దగ్గర ఉన్నాయి. శ్రీలంకకూ పాకిస్తాన్‌కూ ఎంత దూరమో, మన ఇంట్లోనే కేరళకూ ఛత్తీస్‌గఢ్‌కూ అంత దూరం. జిల్లాకు అందులో అంకె ఉండదు, మండలానికి అసలే ఉండదు. కావలి వైపు సముద్రపు ఒడ్డు పల్లెకూ, ఉదయగిరి కొండ కింది పల్లెకూ ఎన్నేళ్ల తేడా ఉందో మనకెవరూ చెప్పరు. చెప్పగలిగింది మీ దగ్గరున్న రిజిస్టరొక్కటే.

మన మెట్టలో ఫ్లోరైడ్ నీళ్ల సంగతి 1937లోనే, అప్పటి ఉమ్మడి నెల్లూరు జిల్లాలో పరిశోధకులు రాశారు. దేశంలో ఈ జబ్బు గురించి మొదట రాసింది మన జిల్లా నుంచే. నడుము వంగిన మనిషి ఎదురుగా కనిపిస్తాడు కాబట్టి అది బయటపడింది. కిడ్నీ పోయినవాడు, గుండె ఆగినవాడు, బీపీతో పడిపోయినవాడు అలా కనబడరు. "మా వైపు కిడ్నీ జబ్బు ఎక్కువండీ" అని ప్రతి ఊళ్లో నాతో అంటారు. ఎంత ఎక్కువ అంటే చేతులు తిప్పుతారు.

2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి వందకు 22, 23 మాత్రమే. ఇళ్లలో పోయినవాళ్ల సంగతి ఇంటివాళ్లు చెప్పిందే వేదం. అలాగని ఇంటివాళ్లకు ఏమీ తెలియదనుకోకండి, సరిగ్గా అడిగితే చెబుతారు. మన దేశంలోనే పది లక్షల మరణాల అధ్యయనమని ఒకటి జరిగింది. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, పోయిన మనిషికి జ్వరం వచ్చిందా, ఎన్ని రోజులు, ఏ చెయ్యి పడిపోయింది, ఆయాసమా, కాళ్లు వాచాయా అని అడిగి రాసుకున్నారు. తర్వాత డాక్టర్లు ఆ కాగితాలు చదివి కారణం తేల్చారు. పాముకాటుతో ఏడాదికి 46 వేలమంది పోతున్నారని ఆ అధ్యయనం వల్లే బయటికొచ్చింది. అప్పటిదాకా ఆసుపత్రుల లెక్కల్లో ఉన్నదానికి అది ఎన్నో రెట్లు. ఉత్తరప్రదేశ్ తర్వాత ఎక్కువ చావులు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. చేలో, రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయినవాళ్లు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. ఎవరైనా మరణం రాయించడానికి వస్తే ఆధార్ తీసుకుంటూనే ఇంకొక్క మాట అడగండి. పెద్దకొడుక్కో పెద్దకూతురికో ఎన్నేళ్లు, ఆ బిడ్డ పుట్టేనాటికి తల్లికి ఎన్నేళ్లు? లేదా కావలి తుఫాను వచ్చిన 1989 నాటికి ఆయన ఏం చేస్తున్నాడు, మనవళ్లున్నారా? రెండు నిమిషాల పని. కారణం దగ్గర వృద్ధాప్యం అని రాసేముందు చివరి వారం ఏం జరిగిందో అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాయండి. "చెయ్యి పడిపోయి నాలుగు రోజులకు" అన్నా చాలు, డాక్టరుకు అర్థమవుతుంది. చూసిన డాక్టరుంటే కారణం రాసిన కాగితం తెమ్మనండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది, 2023 సవరణతో ఇంకా గట్టిపడింది. పురిట్లో పోయిన బిడ్డల కోసం ఊరి నర్సమ్మ (ఏఎన్ఎమ్) పుస్తకాన్ని నెలకోసారి మీ రిజిస్టర్ పక్కన పెట్టి చూడండి. ఆమెకు తెలియని కాన్పు ఉండదు.

ఏడాదికోసారి గ్రామసభలో ఆ లెక్క చదవండి. పేర్లు వద్దు. మరణ ధ్రువపత్రం మీద కారణం అచ్చువేయకూడదని చట్టమే చెబుతోంది, ఆ మర్యాద సభలోనూ ఉండాలి. ఇంతమంది పోయారు, అరవై లోపు ఇంతమంది, ఏడాది లోపు బిడ్డలు ఇంతమంది, పక్షవాతం ఇన్ని, ట్రాక్టర్ కింద పడి ఇన్ని, పురుగుల మందు ఇన్ని. ఒక్క ఊరి అంకెలతో సగటు కట్టడం కుదరదు, ఏడాదికి పదీ పన్నెండు చావులతో ఏ లెక్కా నిలవదు. ముప్పై నలభై వేలమంది ఉన్న మండలంలో ఏడాదికి రెండు మూడొందల మరణాలుంటాయి. నాలుగైదేళ్లవి కలిపితే ఆ టీ బంకు కుర్రాడికి జవాబు వస్తుంది. కలిపి లెక్క కట్టే పని నాకివ్వండి, ఊరికే చేస్తాను. పాలసీ మాట ఎత్తను.

మీకు తీరిక లేదని తెలుసు. పన్ను వసూళ్లు, చెత్త బండి, వీధి దీపాలు, సర్వేలు, ఫోన్లో లెక్కలేనన్ని యాప్‌లు, పైనుంచి టెలికాన్ఫరెన్సులు. మళ్లీ ఈ ముసలాయన ఒకడు అనుకుంటారు. తప్పుగా రాసినా ఎవరూ అడగరు కదా అని కూడా అనిపిస్తుంది. జపాన్‌లోనూ అలాగే అనుకున్నారు. 2010లో టోక్యోలో 111 ఏళ్లాయన్ను అభినందించడానికి అధికారులు వెళితే, ఆయన పోయి ముప్పై ఏళ్లయిందని, శవం మంచం మీదే ఎండిపోయి ఉందని తేలింది. ఇంటివాళ్లు పింఛను తీసుకుంటూనే ఉన్నారు. కంగారుపడి దేశమంతా వెతికితే, కుటుంబ రిజిస్టర్లలో వందేళ్లు దాటి "బతికి ఉన్న" వాళ్లలో రెండు లక్షల ముప్పై వేలమందికి పైగా ఆచూకీ లేదు. ఆయుర్దాయం లెక్క వేరే పద్ధతిలో కడతారు కాబట్టి 84 అనే అంకె చెడిపోలేదు. పరువు మాత్రం పోయింది. వాళ్లు దాచకుండా ఆ అంకెను ప్రకటించి, రిజిస్టర్లు దిద్దుకున్నారు.

నేనూ దిద్దించుకుంటాను. చట్టంలో 15వ సెక్షన్ కింద తప్పు ఎంట్రీని సవరించవచ్చు. పాతది చెరపకూడదు, పక్కన మార్జిన్‌లో సరైనది రాసి, తేదీ వేసి, రిజిస్ట్రార్ సంతకం పెట్టాలి. వచ్చే సోమవారం పది గంటలకల్లా ఆ ఆఫీసుకు వస్తున్నాను. నా పదో తరగతి సర్టిఫికెట్, అమ్మ బీపీ చూపించుకున్న పాత చీటీలు, ఆ నాలుగు రోజులూ ఇంటికొచ్చి సెలైన్ పెట్టినాయన రాసిచ్చిన కాగితం, అన్నీ ఒక కవర్లో పెట్టుకున్నాను. తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొస్తాను.

ఇట్లు,
మీ మండలాల్లో తిరిగే ఒక బీమా ఏజెంటు